పిల్లల వీడ్కోలు సభ - పెద్దల పూచీ

మాఘ ఫాల్గుణ మాసములు వచ్చినవనగా మన పాఠశాలలలో పదవ తరగతి విద్యార్థుల వీడ్కోలు సభల సందడి మొదలగును. ఏండ్ల తరబడి ఒకచోట చదివిన పిల్లలు విడిపోవుటకు ముందు ఒకపూట కలిసి భుజించి, ఆడి, పాడి, గురువులకు నమస్కరించి పోవుట శోభాకరమైన యాచారమే. ఈ సభలను గూర్చి మాటలాడువారు సాధారణముగా వేషములను, పాటలను, ఖర్చులను గూర్చియే మాటలాడుచుందురు. వానిని మెచ్చువారును కలరు, నిందించువారును కలరు. మేము నేడు ఆ వివాదము జోలికి పోము. అంతకంటె ముందుగా అడుగవలసిన ప్రశ్నలు మూడున్నవి. పిల్లలు ఆ సభకు ఏ బండిలో వెళ్లుచున్నారు? ఏ వేళకు, ఎవరి వెంట ఇల్లు చేరుచున్నారు? ఆ బండిని కుదిర్చినవారెవరు? ఈ మూడింటికి తడుముకొనక జవాబు చెప్పగల తల్లిదండ్రులు ఊరికెందరుందురో పాఠకులే తలపోయవలెను.

ఈ సమస్య మనకొక్కరికే పుట్టినది కాదు. అమెరికా దేశములో ఉన్నత పాఠశాల చదువు ముగియువేళ 'ప్రామ్' అను నృత్యోత్సవము జరుగును. అక్కడి తెలుగు కుటుంబముల పిల్లలును అందులో పాల్గొనుచున్నారు. ఆ రాత్రి పిల్లలు ఎవరికివారు కారులు నడుపుకొని పోవుట ప్రమాదకరమని, కొన్ని కుటుంబములవారు కలిసి ఒక పొడవాటి కారునో, చిన్న బస్సునో కిరాయికి మాటలాడుకొనుట అక్కడి వాడుక. కొన్ని పాఠశాలలు తామే బస్సులు పెట్టుచున్నవి. మన నగరములలోని కొన్ని విద్యాలయములు ఆ పేరునే తెచ్చి పెట్టుకొనగా, పల్లెలలో దానికి ఫేర్‌వెల్ అని వాడుక పేరు. పేరేదైనను పని ఒకటే: పొద్దు వాలువేళ, ఉత్సాహముతో నున్న పిల్లలను గుంపుగా ఒకచోటికి చేర్చి, మరల ఇండ్లకు చేర్చుట. ఆ దేశపు నృత్యము మనకు వలయునా వలదా యనునది వేరు ప్రశ్న. బండి విషయమున అక్కడి తల్లిదండ్రులు ముందుగా కూడి ఆలోచించుట మాత్రము మనము నేర్చుకొనదగినదే. అక్కడను ఆ జాగ్రత్త తప్పినచోట ఏమి జరిగినదో ఈ వ్యాసములోనే చెప్పెదము.

మేము కాటారమును దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు కరీంనగరము జిల్లాలో నుండి, ఆనాడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరిన మండలమిది. ఇక్కడినుండి ఒక దారి భూపాలపల్లికి, ఒకటి మంథనికి, మరియొకటి మహదేవపురము మీదుగా కాళేశ్వరమునకు పోవును. అడవి అంచున చెదరియున్న పల్లెలనుండి, గూడెములనుండి పిల్లలు పెద్ద ఊళ్లలోని పాఠశాలలకు వచ్చి చదువుకొనుచున్నారు. పగటివేళ బడికి వచ్చుటకు బస్సో, ఆటోయో, సైకిలో ఏదో యొకటి దొరకును. వీడ్కోలు సభ సాయంకాలము మొదలై రాత్రి ముగిసినచో ఇంటిదారి పట్టుటెట్లు? అదియు గాక, సభతో పాటు కాళేశ్వర ముక్తీశ్వరుని దర్శనమునకో, గోదావరీ ప్రాణహితల సంగమము చూచుటకో, లక్నవరము చెరువునకో పోదమని పిల్లలు కోరుట సహజము. 2021 జూలైలో ప్రపంచ వారసత్వ స్థలముల జాబితా కెక్కిన రామప్ప దేవాలయము పొరుగు జిల్లాలోనే యున్నది. దానిని చూడకుండ మన పిల్లలు చదువు ముగించుటయే లోపమని మేము తలంతుము. కనుక పిల్లల ప్రయాణము తప్పు కాదు. ప్రయాణమునకు పెద్దలు పూనుకొనకుండుట తప్పు.

ఈ సభల కాలము బండ్లు దొరకని కాలమని గూడ గుర్తింపవలెను. మాఘమాసమున పెండ్లి ముహూర్తములు ముంచుకొనివచ్చును. మహాశివరాత్రికి కాళేశ్వరము యాత్రికులతో నిండిపోవును. రెండేండ్ల కొకసారి మేడారము జాతర వచ్చినప్పుడు, 2024 ఫిబ్రవరి 21 మొదలు 24 వరకు జరిగినట్లు, ఆర్టీసీ బస్సులు వేలకొలది ఆ దారిననే తిరుగును. ప్రైవేటు బండ్లును అటే పోవును. పరీక్షలకు ముందే సభ జరుపవలెను గనుక పాఠశాలలకు తేదీలు మార్చుకొను వీలు తక్కువ. ఇన్ని గిరాకుల నడుమ మంచి బండ్లన్నియు ముందుగానే కుదిరిపోవును. చివరి దినమున వెదకువారికి మిగులునవి ఏవి? సామర్థ్యపు పత్రము గడువు దాటిన పాత జీపులు, ముగ్గురు కూర్చుండుచోట పదిమందిని ఎక్కించు ఆటోలు, సామానులు మోయు చిన్న ట్రాలీలు, డీసీఎం వ్యానులు, చివరకు ఊరిలోని ట్రాక్టరు.

ఆ చివరి దినమున వెదకువారు ఎవరు? అక్కడనే అసలు లోపమున్నది. ఉపాధ్యాయులు సభకు అనుమతి నిచ్చి ఊరకుందురు. తల్లిదండ్రులు చేతిలో కొంత డబ్బు పెట్టి ఊరకుందురు. తరగతిలో చురుకైన కుర్రవాడొకడు అందరివద్ద చందా పోగుచేసి, తెలిసిన డ్రైవరు నొకనిని ఫోనులో అడిగి, తక్కువకు వచ్చువానిని కుదుర్చును. పదునైదేండ్ల బాలునకు బండి బీమా సంగతి తెలియవలెనని ఎవరు కోరగలరు? వానికి తెలిసినది ఒకటే లెక్క: తలకింత చొప్పున వసూలైన సొమ్ములో కిరాయి పోగా కేకునకు, పాటల పెట్టెకు ఎంత మిగులును? కిరాయి తగ్గినకొలది సభ సొంపు హెచ్చునని వాడు తలచుట వాని తప్పు కాదు. ఆ లెక్కను వాని చేతికి వదలినవారిది తప్పు. ఎడ్ల జత కొనువేళ పండ్లు చూచి, నడక చూచి, పదిమందిని అడిగి గాని బయానా ఇయ్యని పెద్దలు, తమ బిడ్డలెక్కు బండిని కన్నెత్తి చూడకుండుట ఎంత విపరీతము!

ట్రాక్టరును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఏలయన మా పాఠకులలో పలువురు భూములున్నవారు, ట్రాక్టరులున్నవారు. బడి పిల్లలు వచ్చి చేతులు జోడించి, అయ్యా, ఒక్కపూట ట్రాక్టరు పంపుమని యడిగినచో కాదనుటకు మనసొప్పదు. డీజిలు ఖర్చు కూడ తామే పెట్టుకొని పంపు ధర్మాత్ములు కలరు. వారి ఔదార్యమును మేము శంకింపము. కాని ఆ ట్రాలీ ధాన్యమునకు, ఎరువులకు, ఇటుకలకు చేసినది. మనుష్యులకు చేసినది కాదు. దానిలో ఆసనము లేదు, పట్టుకొనుటకు ఊత లేదు. ఇంజనును ట్రాలీని కలుపునది ఒక్క కొక్కెము. గట్టు మలుపున ఒకవైపు చక్రము జారినచో లోనివారందరు ఒకేవైపు ఒరిగి, ఆ బరువే దానిని బోర్లించును. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలికి పోవు స్త్రీలతో నిండిన ట్రాక్టరు కాలువలో పడి పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారును ప్రతిదినము పోవు దారినే పోవుచుండిరి. తెలిసిన దారి, తెలిసిన డ్రైవరు అను ధైర్యము అక్కడ అక్కరకు రాలేదు.

ధర్మమట్లుండగా, చట్టము మాట వినుడు. సరకుల బండిలో ఉచితముగా ఎక్కిన ప్రయాణికునకు అపాయము వాటిల్లినచో బీమా సంస్థ బాధ్యత వహింపనక్కరలేదని 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1994లో చట్టమును సవరించిన పిదప ఆ బండిలోని సరకు యజమానికి గాని, అతని ప్రతినిధికి గాని మాత్రమే ఆ రక్షణ కలదు. పాటల పెట్టె పట్టుకొని కూర్చున్న పిల్లలు సరకు యజమానులు కారు గదా! కొన్ని కేసులలో న్యాయస్థానములు బాధితులయందు దయదలచి, ముందు బీమా సంస్థచే చెల్లింపజేసి, పిదప బండి యజమానినుండి రాబట్టుకొమ్మని ఆజ్ఞాపించినవి. అంటే ఏమైనది? తుదకు ఆ భారము యజమాని పొలము మీదనే పడును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి పరిహారము దొరకక, ఉపకారము చేయబోయిన రైతునకు భూమి నిలువక, ఊరిలో రెండు కుటుంబములు చెడును. ఒక్క సాయంకాలపు మొగమాటమునకు ఇంత వెల యుండునని తెలిసినవారు ట్రాక్టరు పంపుదురా?

ట్రాక్టరు కాకున్నచో కారులు, జీపులు చాలునందురా? అందును భేదమున్నది. కిరాయికి తిప్పుటకు అనుమతి గల బండికి పసుపు పలకపై నల్లని అక్షరములుండును. సొంత వాడుక బండికి తెల్లని పలకపై నల్లని అక్షరములుండును. తెల్ల పలక బండిని కిరాయికి త్రిప్పినచో, అనుమతి లేక కిరాయికి వాడిరను కారణముమీద బాధ్యతను త్రోసిపుచ్చుటకు బీమా సంస్థకు చట్టమే దారి చూపుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము బండి మొత్తమును ఒక ఒప్పందము మీద మాటలాడుకొను పద్ధతిని, తలకొక టిక్కెట్టు తీసికొని ఎక్కించుకొను పద్ధతిని వేరువేరుగా నిర్వచించినది. రెంటికి వేరువేరు అనుమతులు కావలెను. విద్యాలయపు బస్సనగా ఆ విద్యాలయమునకు చెంది, ఆ విద్యాలయపు పనులకై విద్యార్థులను, సిబ్బందిని మాత్రమే కొనిపోవునదని అదే చట్టము చెప్పుచున్నది. కాబట్టి పొరుగు ప్రైవేటు బడివారి పసుపుపచ్చని బస్సును రాత్రికి అరువు తెచ్చుకొనుటయు నిర్భయమైన ఉపాయము కాదు.

సరియైన అనుమతి గల బండి దొరకినంతమాత్రమున పని ముగియదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు కనుమదారిలో లోయలో పడినది ప్రైవేటు జీపు కాదు. సాక్షాత్తు ఆర్టీసీ బస్సే. దానిలో సామర్థ్యమునకు మించి జనము ఎక్కియుండిరి. 60 మందికి పైగా అసువులు బాసిరి. బస్సు ప్రభుత్వముదైనను, తలల లెక్క తప్పినచో కాపాడజాలదని ఆ దుర్దినము చాటినది. ఎందరు కూర్చుండవలెనో ప్రతి బండి రిజిస్ట్రేషను పత్రములో వ్రాసియుండును. ఆ అంకె అలంకారమునకు వ్రాసినది కాదు. 50 మంది కూర్చుండు బస్సునకు 70 మంది పిల్లలున్నచో రెండవ బండి కావలెను, లేదా రెండు విడతలుగా పోవలెను. పిల్లలు చిన్నవారే గదా, సర్దుకొందురను మాట సభాధ్యక్షుడు చెప్పినను వినరాదు.

ఇక అమెరికా ముచ్చట. 2018 అక్టోబరు 6న న్యూయార్కు రాష్ట్రములోని స్కోహారీ అను చిన్న ఊరివద్ద 17 మంది స్నేహితులు, బంధువులు పుట్టినరోజు విందునకు పోవుచు పొడవాటి కారు నొకదానిని కిరాయికి తీసికొనిరి. విందులో మద్యముండును గనుక తాము కారులు నడుపరాదను వివేకముతోనే వారట్లు చేసిరి. కాని ఆ కారు అంతకు ముందు నెలలోనే ప్రభుత్వ తనిఖీలో తప్పినది. దానిని రోడ్డుమీదికి తేరాదని అధికారులు చెప్పియుండిరి. డ్రైవరునకు అటువంటి బండి నడుపుటకు తగిన లైసెన్సు లేదు. వాలులో బ్రేకులు పట్టలేదు. లోనున్న 17 మందియు, డ్రైవరును, దారిన నిలిచియున్న ఇద్దరును, వెరసి 20 మంది మరణించిరి. ఆ కిరాయి సంస్థను నడిపినవానికి 2023లో శిక్ష పడినది. తాము జాగ్రత్తపడితిమని నమ్మినవారే, ఆ జాగ్రత్తను చివరివరకు సాగింపకపోవుటచే, నష్టపోయిరి. బండి కుదుర్చుట సగము పని. బండిని పరీక్షించుట తక్కిన సగము. అంత సంపన్న దేశములోనే కాగితము వెనుక నిజము వేరుగా నున్నప్పుడు, మనము కాగితమైనను అడుగకుండుట ఏమని చెప్పవలెను?

బండి తరువాత బండి నడుపువాడు. మోటారు రవాణా కార్మికులకు దినమునకు 8 గంటల పని యని 1961 నాటి చట్టము విధించినది. పెండ్లిళ్ల కాలమున ఆ నియమమును పాటించువారెందరు? ముందునాటి రాత్రి పెండ్లివారిని వరంగల్లునుండి తెచ్చి, తెల్లవారి మరియొక కిరాయికి పోయి, సాయంకాలము మన పిల్లలను ఎక్కించుకొను డ్రైవరు దుష్టుడు కాడు, నిద్రలేనివాడు. వాని పొట్టకూటి బాధ మనకు తెలియనిది కాదు. కాని నిద్ర ధర్మాధర్మములను చూడదు. అందును మన రహదారులు సామాన్యమైనవి కావు. గోదావరి ఇసుకను మోయు లారీలు, బొగ్గు లారీలు రేయింబవళ్లు ఈ దారులను త్రొక్కుచున్నవి. 2025 నవంబరు 3న చేవెళ్ల సమీపమున కంకర నింపిన టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొనగా 19 మంది మృతిచెందిరి. వారిలో విద్యార్థులు కూడ నుండిరి. అట్టి లారీల నడుమ, మలుపులు గల అడవి దారిని, నిద్రమత్తులో నున్నవాని చేత పిల్లలను పెట్టి పంపుట సాహసము గాక మరేమి?

ఇంత చెప్పగా కొందరు పెద్దలు, అయినచో ఈ సభలే మానిపించుడు, పీడ వదలునని యనవచ్చును. మేమందుకు సమ్మతింపము. వలదనిన పని పిల్లలు మానరు, చాటుగా చేయుదురు. బడిలో సభ లేకున్నచో లైసెన్సు లేని కుర్రవాండ్రు ముగ్గురు ముగ్గురుగా మోటారు సైకిళ్లెక్కి, శిరస్త్రాణములు లేక, సంగమము దారి పట్టుదురు. నిషేధము ప్రమాదమును తొలగింపదు. దానిని పెద్దల కనుచూపు మేరనుండి తొలగించును. అంతే భేదము. పైగా నిషేధము భారమంతయు బాలికలమీద పడును. మగపిల్లలు ఎట్లో పోయి వత్తురు. బాలికను మాత్రము, రాత్రి ఎవరు తెత్తురను ఒక్క మాటతో తల్లిదండ్రులు ఇంట కూర్చుండబెట్టుదురు. తరగతిలో మొదటి స్థానమున నిలిచిన బాలిక తన వీడ్కోలు సభకే రాలేకపోవుట ఎక్కడి న్యాయము? తమ బిడ్డ నమ్మకమైన బస్సులో, ఉపాధ్యాయిని వెంట, చెప్పిన వేళకు, ఊరి వాకిట దిగునని తెలిసినచో ఏ తల్లి కాదనును? బాలికల విషయమున మంచి బస్సు విలాసము కాదు, ప్రవేశపత్రము.

ఖర్చు మాట వచ్చును. మంచి బండికి కిరాయి హెచ్చు. బీద పిల్లలు ఇయ్యలేరు. నిజమే. అందుచేతనే ఈ ఖర్చును తలకింతయని పిల్లలమీద వేయరాదని మేము చెప్పుచున్నాము. 50 మందిలో పదిమంది ఇయ్యలేక వెనుకకు తగ్గినచో, తక్కిన 40 మంది భాగము పెరుగును. పెరిగిన భాగము భరింపలేక మరికొందరు తగ్గుదురు. తుదకు కలవారి పిల్లలే మిగులుదురు. అది వీడ్కోలు సభ కాదు, వేరు పంక్తి భోజనము. మన ప్రాంతమున కొడుకు పెండ్లికి రెండు మూడు బస్సులు పెట్టు కామందులు లేకపోలేదు. బంధువులను విందునకు తెచ్చుటకు పెట్టిన సొమ్ములో కొంతభాగము ఊరి బడి పిల్లలకై ఏటికొకసారి వెచ్చించుట వారికి భారమగునా? ట్రాక్టరు పంపదలచిన రైతు దానికి బదులు డీజిలు సొమ్మునే బస్సు చందాగా నిచ్చినచో ఉపకారము నెరవేరును, ఉపద్రవము తప్పును. పూర్వ విద్యార్థులు, వ్యాపారులు తలకొంత వేసినను చాలును. ఎవరెంత యిచ్చిరో బడి గోడమీద వ్రాయవచ్చును. ఎవరు ఇయ్యలేకపోయిరో మాత్రము ఎవరికిని తెలియరాదు.

ఆర్టీసీ వారికిని మేము కొంత మనవి చేయవలసియున్నది. ఈ సంస్థ మనకు నిన్న మొన్న పుట్టినది కాదు. 1932 జూన్‌లో నిజాము రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖగా 27 బస్సులతో మొదలైనది. 1951 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము చేతికి వచ్చినది. ఈ గడ్డమీద తొంబదేండ్లకు పైబడిన ప్రజా రవాణా సంప్రదాయమిది. పెండ్లిండ్లకు, యాత్రలకు బస్సులను కిరాయి కిచ్చు పద్ధతి ఆ సంస్థలో నున్నదే. భూపాలపల్లిలోను, మంథనిలోను డిపోలున్నవి. ఈ డిపోల అధికారులు ఏటేట జనవరిలో తమ పరిధిలోని ఉన్నత పాఠశాలలకు ఒక లేఖ వ్రాసి, వీడ్కోలు సభలకు, విహారయాత్రలకు బస్సులు కావలసిన తేదీలను ముందుగా తెలుపుమని కోరినచో, పెండ్లి గిరాకులలో బడి పిల్లలు వెనుకబడిపోరు. ప్రభుత్వ పాఠశాలలకు కిరాయిలో కొంత తగ్గింపు నిచ్చుటయు న్యాయమే. 2023 డిసెంబరు 9 మొదలుగా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపబడినది. ఆ సదుపాయము మొత్తముగా కిరాయికి తీసికొన్న బస్సునకు వర్తింపదు. అయినను దానిని వివేకముతో వాడుకొనవచ్చును. సభను సాయంకాలము గాక ఉదయమున మొదలుపెట్టి మధ్యాహ్న భోజనముతో ముగించినచో, బాలికలు మామూలు బస్సులోనే ఖర్చు లేక ఇల్లు చేరుదురు. కిరాయి బండి కావలసినవారి సంఖ్యయే తగ్గును.

పగటి సభ వలన ఆనందము తగ్గునని పిల్లలు గొణుగవచ్చును. దీపాల వెలుగు ఛాయాచిత్రములకు బాగుండునని వారి వాదము. వారికి మేము చెప్పునది ఒకటే: గోదావరి ఒడ్డు ఉదయపు ఎండలో మరింత అందముగా నుండును. రాత్రి సభ తప్పనిసరియైనచో బడి ఆవరణలోనే జరుపవలెను. దూరప్రయాణము పగటిపూటకే పరిమితము కావలెను.

బండి కుదుర్చువారు చేయవలసిన పనులు కష్టమైనవి కావు. మొదట, నోటిమాట కట్టిపెట్టి కాగితము వ్రాసికొనవలెను. బండి నంబరు, యజమాని పేరు, డ్రైవరు పేరు, బయలుదేరు వేళ, తిరిగివచ్చు వేళ, పోవు దారి, మొత్తము కిరాయి, ఇచ్చిన బయానా, డీజిలు ఎవరిది, దారిలో బండి నిలిచిపోయినచో బదులు బండి ఎవరు తేవలెను అను విషయములు అందులో నుండవలెను. పిదప రిజిస్ట్రేషను, సామర్థ్యము, అనుమతి, బీమా, లైసెన్సు అను ఐదు పత్రములు చూడవలెను. నేడు ఎం-పరివాహన్ అను ప్రభుత్వపు యాప్‌లో బండి నంబరు కొట్టినచో బీమా, సామర్థ్యపు గడువులు కనబడును. కనుక తెలియలేదనుటకు వీలులేదు. ప్రయాణము నాడు టైర్లు, దీపములు, అత్యవసర ద్వారము చూడవలెను. ఎక్కునప్పుడు ఒకసారి, తిరుగు ప్రయాణమున మరియొకసారి పేరు పేరున పిలిచి లెక్క చూడవలెను. ప్రతి బండిలోను ఇద్దరు పెద్దలు, అందొకరు స్త్రీ, కూర్చుండవలెను. డ్రైవరునకు వేళకు భోజనము పెట్టి, విశ్రమించుటకు చోటు చూపవలెను. వానిని గౌరవించుట పిల్లలను రక్షించుటయే.

ఈ పని ఎవరిదని యడిగినచో మా సమాధానము స్పష్టము. 2024లో ప్రభుత్వ పాఠశాలలలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడినవి. మహిళా సంఘముల తల్లులే అందులో నున్నారు. గోడలకు సున్నములు, కొళాయిలకు మరమ్మతులు చూడగల తల్లులు బండి పత్రములను చూడలేరా? ప్రధానోపాధ్యాయుడు, ఆ కమిటీ, ఊరి పంచాయతీ పెద్ద, ముగ్గురు కలిసి పండుగకు నెల ముందే కూర్చుండి బండి సంగతి తేల్చవలెను. ఒప్పందముమీద చేవ్రాలు పెద్దవారిదే కావలెను. పిల్లవాని ఫోను నంబరు చాలదు. ఈ ముగ్గురి ఆమోదము లేని బండిలో బడి పేర ఏ పిల్లవాడును ఎక్కరాదు.

2014 జూలై 24న మెదకు జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైలు గేటు దాటుచు బడి బస్సు నుగ్గయి, పదిమందికి పైగా చిన్నారులు బలియైరి. అటుపిమ్మట దేశమంతట ఆ కాపలా లేని గేట్ల మాట గట్టిగా వినబడినది. 2019 జనవరి చివరికి బ్రాడ్‌గేజి మార్గములలో అవన్నియు తొలగింపబడినవి. పని జరిగినది, కాని పిల్లలు పోయిన పిదప జరిగినది. మన దేశమున సంస్కరణములకు పసివారి ప్రాణములే మొదటి వాయిదాగా చెల్లింపబడుట ఇంకెన్నాళ్లు? కాటారము పెద్దలు ఆ వెల చెల్లింపకయే మేలుకొనవలెనని మా కోరిక. రానున్న మాఘమాసమునకు ఇప్పుడే ఒక కాగితము, ఒక చందా పుస్తకము, ఒక నమ్మకమైన బస్సు సిద్ధము చేయుట అసాధ్యమేమియు గాదు. బిడ్డలను సాగనంపు సభకు వేదిక కట్టుటకు పందిరి గుంజలను చేతితో ఊపి చూచెడి ఊరు, వారిని ఇల్లు చేర్చు బండిని గూడ అట్లే చూచుగాక.